తామరపువ్వు గరిటె

ఆ గరిటెను దేవకమ్మ వంటింట్లోకి పోనివ్వలేదు. చావడి మధ్యలో పీట వేయించి, దాని మీద పెట్టించి, ఎదురుగా కూర్చుంది. తెల్లవారినప్పటి నుంచీ తను పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదని ఇంట్లో అందరికీ రెండుసార్లు చెప్పించింది. కాఫీ లెక్కలోకి రాదు కాబట్టి అది రెండుసార్లు తాగింది.

గరిటె తెచ్చిన మనిషి, ఆమె చెల్లెలు చెంచమ్మ, గోడవార నిలబడి ఉంది. ఆత్మకూరు నుంచి తొలి బస్సులో వచ్చి ఉదయగిరిలో దిగింది. కిందటి వారం అనుమసముద్రంపేట దర్గాకు మొక్కు తీర్చుకోవడానికి వెళ్ళి, అక్కడి వీధిలో ముచ్చటగా కనిపించిందని అక్క కోసం ఈ గరిటె కొన్నది. ఉత్త చేతులతో రాకూడదని తెచ్చింది, పాపం. ఉత్త చేతులతో వచ్చి ఉంటే ఈ ఇంట్లో అందరూ వేళకు అన్నం తిని ఉండేవాళ్ళు.

గరిటె కాడ చివర ఒక తామరపువ్వు ఉంది. ఎనిమిది రేకుల పువ్వు. ఇప్పుడు ఏడే ఉన్నాయి. ఎనిమిదో రేకును దేవకమ్మ పెద్దకొడుకు మల్లికార్జునం ఐదేళ్ళ వయసులో పచ్చడిబండతో పగలగొట్టాడు. అందుకు వాడికి తను వేసిన దెబ్బ కూడా ఆమెకు గుర్తుంది.

నలభై ఏళ్ళు ప్రతి శుక్రవారం ఆమె పసుపు రాసి కుంకుమ పెట్టిన పువ్వు అది. ఈ ఇంటి వీధి గడపకు కుడి కొసన ఉండేది. ఎడమ కొసన దాని జత ఉండేది. ఆ గడప మీద ఎవరి కాలు పడినా ఆమె ఊరుకునేది కాదు. దాటాలి గాని తొక్కకూడదని మనవళ్ళకూ, కూలివాళ్ళకూ, ఒకసారి తహసీల్దారు గారికీ కూడా చెప్పింది.

పోయిన ఏడు ఆంధ్ర రాష్ట్రం వచ్చిందని ఊరు తోరణాలు కట్టుకుంటే, మల్లికార్జునం ఇంటి తలుపు మార్చాడు. కలప అడితి యజమాని, రేపో మాపో వైశ్య సంఘానికి అధ్యక్షుడు కాబోయే మనిషి, తాతల నాటి వేప గుమ్మంలోంచి వంగి రావడమేమిటని ఆయన బాధ. నెల్లూరు నుంచి టేకు తలుపులు వచ్చాయి. తలుపులకు ఎర్ర అద్దాలూ, ఆకుపచ్చ అద్దాలూ వచ్చాయి. పాత గడపను అటక మీద భద్రంగా పెట్టించానని ఆయన తల్లికి చెప్పాడు. మోకాళ్ళ నొప్పులతో అటక ఎక్కలేని తల్లి నమ్మింది.

ఇవాళ అటక ఎక్కి చూశారు. అక్కడ సొట్టపడిన గంగాళాలూ, పందికొక్కు పెంటికలూ ఉన్నాయి. గడప లేదు.

గరిటెలు చేసే మనిషి ఆ ఇంట్లో ఒక్కతే. చిన్నకోడలు వసంతకుమారి. అడితిలో బండి కాడికీ, తలుపు చట్రానికీ దుంగలు కోస్తే మిగిలే ముక్కలు పెరట్లో కుప్పపడేవి. నీళ్ళ కాగు కింద కాలడం తప్ప వాటికి వేరే యోగం ఉండేది కాదు. ఆమె ఆ కుప్పలో చెయ్యి పెట్టింది. మూరెడు ముక్క దొరికితే గరిటె, జానెడు దొరికితే చెంచా, అరచేయంత పలక దొరికితే దువ్వెన. బాడితతో చెక్కి, ఆకురాయితో రాసి, నువ్వుల నూనె పట్టించి ఎండకు పెట్టేది. రసూల్‌బీ అనే ఆవిడ వాటిని వారానికొక కట్ట చొప్పున పేట దర్గా వీధిలో అమ్మేది. రసూల్‌బీ తండ్రి పేరుపడ్డ గరిటెల పనివాడు. ఈ పని వసంతకు నేర్పింది కూడా ఆమే.

శెట్టిగారింటి కోడలు వడ్రంగం చేయడం పరువు తక్కువ అని దేవకమ్మకు మొదటి రోజే తెలుసు. అయితే మొదటి నెల అమ్మకంతో ఆమెకు ఒక వెండి సున్నపుకాయ వచ్చింది. దాంతో ఆ పరువు తక్కువ కొన్నాళ్ళు ఆమె కంటికి ఆనలేదు.

ఇప్పుడు ఆనింది.

"ఇది నువ్వు చేసిందేనా?" అని అడిగింది దేవకమ్మ.

"నేనే చేసినాను అత్తా."

"ఏ చెక్కతో?"

వసంత దాచలేదు. గడప కొస ముక్క అడితి వెనక పొయ్యిలోకి పోయే కుప్పలో దొరికిందనీ, పువ్వున్న చెక్క కాలిపోవడం చూడలేక తీసి ఉంచాననీ, పువ్వును ముట్టుకోకుండా మిగతాది చెక్కాననీ చెప్పింది. అమ్మడానికి చేసింది కాదనీ, బియ్యం తొట్టిలో తన కోసం దాచుకున్నాననీ, అది పేటకు ఎట్లా పోయిందో తెలియదనీ కూడా చెప్పింది.

"మిగతా గడప యాడ ఉండాది?"

"నాకు తెలవదు. బావ చెప్పినట్టు అటక మీదే ఉండాదనుకున్నాను."

సరిగ్గా అప్పుడే మల్లికార్జునం అడితి నుంచి భోజనానికి వచ్చాడు. అటక నిచ్చెనా, పీట మీద గరిటే, తల్లి ముఖమూ వరసగా చూశాడు. ఒక్క క్షణం ఆయన ముఖంలో రంగు దిగింది. మళ్ళీ ఎక్కింది. వ్యాపారి గదా, సరుకు ఎవరి నెత్తిన దించాలో తెలియడానికి ఆయనకు ఆట్టే సేపు పట్టదు.

"అర్థమైపొయింది లేమ్మా," అన్నాడు కండువా తీసి కొయ్యకు తగిలిస్తూ. "నేను అటక మీద పెట్టించింది నిజం. ఈమె దించి, గడపంతా గరిటెలు చేసి, తురకవీధిలో అమ్మించింది. మన లక్ష్మి ఊరూరా పప్పు తిప్పతా ఉండాది."

దేవకమ్మ గుండె మీద చెయ్యి పెట్టుకుంది. చెంచమ్మ కూడా పెట్టుకుంది. అక్క ఏం చేస్తే అది చేయడం ఆమెకు చిన్నప్పటి నుంచీ అలవాటు.

వసంత తన భర్త వంక చూసింది. పెంచలనరసింహం స్తంభానికి ఆనుకుని తన కాలి బొటనవేలిని పరీక్షగా చూసుకుంటున్నాడు. ముప్ఫై రెండేళ్ళ మనిషి. అన్న అడితిలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా పనిచేస్తాడు. బండి వచ్చిందా అని అడిగితే వచ్చింది అంటాడు, రాలేదా అంటే రాలేదు అంటాడు. అంతకు మించి ఆయన్ను ఎవరూ ఏమీ అడగలేదు, ఆయనా ఎవరికీ ఏమీ చెప్పలేదు.

తీర్పు దేవకమ్మే చెప్పింది. అమ్ముడుపోయినవి పోగా ఎన్ని గరిటెలు మిగిలి ఉంటే అన్నీ మల్లికార్జునం పేటకు పోయి వెనక్కి తేవాలి. వాటిని దేవుడి గూట్లో పెట్టి శుక్రవారం పూజ చేయాలి. ఆ పూజలో వసంత కర్పూరం ఆర్పి ప్రమాణం చేయాలి. బతికున్నంత కాలం చెక్క ముట్టనని. బాడితా, ఉలీ, ఆకురాయీ అప్పుడే బావిలో వేయాలి.

"ఒట్టు వెయ్యకపోతే?" అని వసంత అడిగింది.

"వరికుంటపాడులో మీ అన్న ఇంటికి బస్సు ఉండాది గదా," అంది దేవకమ్మ. ఆ మాట చెప్పి, పొద్దుటి నుంచి నోట్లో నానుతున్న తాంబూలం ఉమ్మడానికి పెరట్లోకి నడిచింది.

పెరట్లో కొండ నీళ్ళు పారే కాలువ ఉంది. నీళ్ళ గదీ, మరుగుదొడ్డీ దానికి అవతల. కాలువ మీద ఒక మొద్దు అడ్డంగా పడి ఉంటుంది. దేవకమ్మ రోజూ ఆ మొద్దు మీద నిలబడి ఉమ్ముతుంది. అది ఎగుడుదిగుడుగా ఉందనీ, తన కాలు మడతపడుతుందనీ ఏడాదిగా తిడుతూనే ఉంది. ఆ రోజు కూడా తిట్టింది.

*

బుధవారం పొద్దున వసంత అడితి వెనక పంచలో కూర్చుని ఉంది. ఎదుట బాడిత ఉంది. చేతిలో పని లేదు. ఆమెకు ఏడుపు రాలేదు. తప్పు చేసి ఉంటే ఏడ్చేది. చెయ్యని తప్పుకు కర్పూరం ఆర్పడం ఎట్లాగో తెలియక కోపంగా ఉంది.

కూర్చున్న కొద్దీ ఒకటే ఆలోచన. ఆ ముక్క తనకు దొరికినప్పుడు దాని కొస నున్నగా ఉంది. పగిలింది కాదు, కోసింది. అటక మీద పెట్టే గడపను ఎవరైనా ఎందుకు కోస్తారు?

పెంచలనరసింహం దుంగల మీద సున్నంతో అంకెలు వేస్తూ అటు వచ్చాడు. ఆమె అదే అడిగింది. ఆయన రెండు దుంగల మీద ఒకే అంకె వేశాడు.

"మిమ్మల్నే అడగతా ఉండాను. కోసిందెవురు?"

ఆయన మూడో దుంగ మీద కూడా అదే అంకె వేశాడు. తొమ్మిదేళ్ళ కాపురంలో ఆయన మౌనాన్ని ఆమె మంచితనం అనుకుంది. అందరూ అరిచే ఇంట్లో ఒక్కడు అరవకపోతే ఏ ఆడదైనా అట్లాగే అనుకుంటుంది. ఇప్పుడు ఆ మౌనం ఎంతసేపు సాగుతుందో చూద్దామని ఆమె కూర్చుంది. చివరికి ఆయనే తల తిప్పి పెరటి వైపు, కాలువ వైపు చూశాడు.

ఆమె కూడా అటే తిరిగి చూసింది.

"ఆ మొద్దా?"

"మెల్లగా మాట్లాడు," అన్నాడు ఆయన.

అప్పుడు ముక్కలు ముక్కలుగా చెప్పాడు. తలుపు మార్చిన వారమే కాలువ మీది రాతిబండ విరిగింది. అడితిలో పలకలు కప్పు దాకా పేర్చి ఉన్నాయి. కాని అవి అమ్మే పలకలు. అమ్మే పలకను కాలువ మీద పరవడానికి అన్నకు మనసొప్పలేదు. ముసలి మొద్దు ఒకటి ఊరికే పడి ఉంది గదా అన్నాడు. కొలిస్తే మూరెడు పొడుగైంది, అవతలి గోడకు తగులుతోంది. పెద్దరంపంతో కొస కోసేశారు. పూలున్న ముఖం కిందికి తిప్పి పరిచేశారు.

"పెద్దరంపం ఇద్దరు లాగేది గదా. రెండో కొస ఎవురు పట్టినారు?"

"పీర్ల పండగ గదా, ఆ పొద్దు కూలోళ్ళు రాలేదు. అన్నే పట్టినాడు."

వసంత నోటి మీద చెయ్యి పెట్టుకుంది. రోజూ తెల్లవారుజామున చెంబు పట్టుకుని అత్త ఆ మొద్దు తొక్కుతూ పోవడం కళ్ళ ముందు కనిపించింది. మామగారి అమ్మ ముగ్గు వేసిన గడప. తను కొత్తకోడలిగా కుడికాలు జాగ్రత్తగా ఎత్తి దాటిన గడప. ఏడాదిగా తను కూడా తొక్కింది. ఆమెకు సిగ్గేసింది. ఆ సిగ్గు కాసేపట్లో పోయి, ఇద్దరు అన్నదమ్ముల మీద అసహ్యం ఒక్కటే మిగిలింది.

పూలగరిటె పేటకు ఎట్లా పోయిందో కూడా అప్పుడే బయటపడింది. రసూల్‌బీకి కట్ట కట్టింది ఆయనే. ఒకటి తక్కువైందని బియ్యం తొట్టిలోది తీసి పెట్టాడు. పువ్వును చూసి కూడా పెట్టాడు. చూస్తే గదా ఆలోచించాలి అని చూడనట్టు పెట్టాడు.

"అత్తకు చెప్పండి."

"అన్న నన్ను అడితిలో ఉండనిస్తాడా? ఈ వయసులో యాడికి పోవాల?"

"నేను మాత్రం వరికుంటపాడు పోవచ్చునా?"

ఆయన సున్నం చేతులు పంచెకు తుడుచుకున్నాడు. అయినా ఆమె కళ్ళలోకి చూడక తప్పలేదు. శుక్రవారం పూజకు ముందే అమ్మ కాళ్ళు పట్టుకుని అంతా చెప్పేస్తానన్నాడు. నీ మీద ఒట్టు అన్నాడు. ఆ ఇంట్లో ఒట్లు మాత్రం ఎవరూ తక్కువ వేయరు.

వసంత నమ్మింది. ఇన్ని చూసి కూడా నమ్మింది. ఆమెను తిట్టాలని మనకు అనిపిస్తుంది గాని, మొగుణ్ణి నమ్మకపోతే ఇంక ఆ ఇంట్లో నమ్మడానికి ఎర్ర అద్దాల తలుపు తప్ప ఏముంది?

*

గురువారం మధ్యాహ్నం మల్లికార్జునం గోనెసంచితో బస్సు దిగాడు. సంచిలో పంతొమ్మిది గరిటెలు ఉన్నాయి. అదే బస్సులో రసూల్‌బీ కూడా దిగింది. ఆయన వీధి తలుపులోంచి వచ్చాడు, ఆమె అడితి వెనక నుంచి వచ్చింది.

"మీ బావ కలపవ్యాపారేనా అమ్మా, లేక ఊరికే బోర్డు కట్టించుకున్నాడా?" అని అడిగింది వసంతను, ముంగాళ్ళ మీద కూర్చుంటూ.

అంగట్లో ఉన్న ప్రతి గరిటెనూ ఆయన ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, ఇది వేప, ఇదీ వేపే అంటూ సంచిలో వేసుకున్నాడట. అవన్నీ నర్ది చెక్కవి. ఉదయగిరి కొండ నుంచి అడితికీ, కట్టెలమోపుల్లోనూ వచ్చే నర్ది. వేపచేవ ఎర్రగా ఉంటుంది, నర్ది తెల్లగా పాలమీగడలా ఉంటుంది. కళ్ళుంటే చాలు, ముక్కుతో పనిలేదు.

"అందులో ఆరు మా తమ్ముడు చేసినాడు. నీ చెయ్యే తగల్లేదు. చెప్తే ఇన్నాడా? అన్నీ మా ఇంటి లక్ష్మే అన్నాడు."

వసంతకు నవ్వు వచ్చింది. మూడు రోజుల్లో మొదటిసారి. ఆయనకు కళ్ళు లేక కాదని ఆమెకు తెలుసు. అసలు గడప ఎక్కడుందో తెలిసినవాడికి గరిటెలు ఏ చెక్కవైతే ఏమి? తల్లి పసుపు రాయడానికి ఏవో కొన్ని కావాలి, అంతే.

రసూల్‌బీ నవ్వలేదు. దర్గాలో గంధం పండగ దగ్గరకు వస్తోందనీ, పోయినేడు దువ్వెనలు తీసుకున్నవాళ్ళు ఈసారి రాగానే వసంత చేసినవే అడుగుతారనీ చెప్పింది. తండ్రి పోయిన తర్వాత దువ్వెన పళ్ళు అంత సన్నంగా కోసే చెయ్యి తను మళ్ళీ చూడలేదని చెప్పింది.

"రేపు ఒట్టేస్తావా?" అంది పోతూ పోతూ.

"ఆయన చెప్తానన్నాడు."

రసూల్‌బీ ఆమె ముఖం వంక చూసి, పైట చెంగు సర్దుకుని వెళ్ళిపోయింది.

చావడిలో దేవకమ్మ పంతొమ్మిది గరిటెలకూ పసుపు రాసింది. ఒక్కొక్కదానికీ మూడు కుంకుమ బొట్లు పెట్టింది. తల్లీ మళ్ళీ మా ఇంటికి వచ్చినావా అని కళ్ళు తుడుచుకుంది. చెంచమ్మ ఆత్మకూరు ప్రయాణం మానుకుని పక్కనే కూర్చుని తనూ తుడుచుకుంది. మల్లికార్జునం చేతులు కట్టుకుని, తల వంచి, తల్లి భక్తికి కరిగిపోయినట్టు నిలబడ్డాడు. ఆ నిలబడే తీరు చూస్తే సంఘం అధ్యక్ష పదవి ఆయనకు తప్పక వస్తుందని తోస్తుంది.

*

శుక్రవారం తెల్లవారింది. వసంత తలస్నానం చేసి, తడి జుట్టు ముడి వేసుకుని, భర్త కోసం చూసింది. ఆయన కర్పూరం కొనడానికి బజారుకు వెళ్ళాడు. ఇంట్లో కర్పూరం డబ్బా నిండుగా ఉంది.

తిరిగి వచ్చాక ఆయన అమ్మ దగ్గరికి పోలేదు. దేవుడి గూటి ముందు వత్తులు సర్దుతూ కూర్చున్నాడు. వత్తులు అప్పటికే సర్ది ఉన్నాయి. ఆమె వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆయన తల ఎత్తలేదు.

"అత్త నీళ్ళు పోసుకోడానికి పోతా ఉండాది. ఇప్పుడు చెప్తే చెప్పినట్టు," అంది నెమ్మదిగా.

"ఒట్టే గదా వసంతా. వేస్తే పోతాది. కొన్నాళ్ళకి అమ్మే మర్చిపోతాది."

వసంత పూజకు పెట్టిన పసుపు గిన్నే, కుంకుమ భరిణే ఉన్న పళ్ళెం తీసుకుంది. పెరట్లోకి పోతూ అడితి పంచలోంచి గునపం కూడా తీసుకుంది.

దేవకమ్మ అప్పటికే మొద్దు తొక్కి అవతలికి వెళ్ళి నీళ్ళ గది తడిక వేసుకుంది. వసంత పళ్ళెం గట్టు మీద పెట్టి, కాలువలో దిగి, మొద్దుకు అటూ ఇటూ ఊతంగా పెట్టిన రాళ్ళు తీసేసింది. గునపం అడుగున పెట్టి ఎత్తింది. వేపచేవ బరువు మామూలు బరువు కాదు. రెండుసార్లు జారింది. మూడోసారి తిరగబడింది.

ఏడాది బురద. చెంబుతో నీళ్ళు పోసి, పీచుతో రుద్దింది. ముందు గీతలు కనిపించాయి. గీతల మధ్య పాత పసుపు ఇంకా చెక్కలో ఇంకి ఉంది. ఎడమ కొసన తామరపువ్వు ఎనిమిది రేకులతో బయటపడింది. కుడి కొసన రంపపు కోత ఉంది.

గునపం చప్పుడుకు మల్లికార్జునం వచ్చాడు. ఆయన వెనక పెంచలనరసింహం, ఆయన వెనక చెంచమ్మ. ముగ్గురూ గట్టు మీద ఆగారు. వసంత వాళ్ళ వంక చూడలేదు. పువ్వుకు పసుపు రాసింది. కుంకుమ పెట్టింది.

తడిక తెరుచుకుంది. దేవకమ్మ తడిబట్టలతో, నోట్లో లలితా సహస్రం చదువుకుంటూ, అలవాటు ప్రకారం కాలు ఎత్తింది. ఎత్తిన కాలు అట్లాగే ఆగింది.

కాలు వెనక్కి పెట్టుకుంది. సహస్రనామాలు మధ్యలో తెగిపోయాయి. ఇన్నాళ్ళూ నిలబడి తాంబూలం ఉమ్మిన చోటును చూసింది. తన పాదాలు చూసుకుంది. ఏడాది పాటు ఏ చెంబు పట్టుకుని ఎక్కడికి పోతూ వీటిని దేని మీద పెట్టిందో ఆమెకు ఒక్కసారిగా తెలిసింది. నలభై ఏళ్ళ శుక్రవారాలు ఆమె ముఖంలోంచి దిగిపోయాయి. ఎంత మూర్ఖురాలైనా, ఆ క్షణంలో ఆ ముసలిదాన్ని చూస్తే జాలి వేసింది.

"ఇది ఈడ పరిచిందెవురు?" అని అడిగింది. గొంతులో అరుపు లేదు.

మల్లికార్జునం గొంతు సవరించుకున్నాడు. కూలివాళ్ళు ఎవరో తెలియక చేసి ఉంటారన్నాడు. తను అటక మీద పెట్టమనే చెప్పాననీ, ఈ రోజుల్లో కూలివాళ్ళకు భయం భక్తీ లేవనీ అన్నాడు. ఇంకా చెప్పబోతుంటే వసంత ఇవతలి గట్టు ఎక్కి కోసిన కొస మీద చెయ్యి పెట్టింది.

"అత్తా, ఈ కోత చూడండి. నా చేతిరంపం ఇంత మందం కొయ్యదు. ఇది అడితి పెద్దరంపం కోత. ఇద్దరు చెరొక కొస పట్టి లాగితే గాని ఆ రంపం తెగదు. ఒక కొస ఎవురిదో, రెండో కొస ఎవురిదో మీ కొడుకుల్ని అడగండి."

దేవకమ్మ కొడుకుల్ని చూసింది. పెద్దవాడు ఆమె కళ్ళలోకి ధైర్యంగా చూశాడు. చిన్నవాడు చూడలేదు. చిన్నప్పటి నుంచీ ఏ అబద్ధం ఎవరి దగ్గర దొరుకుతుందో ఆమెకు తెలుసు.

"నరసింహా. ఒక కొస నువ్వు పట్టినావు, అవునా?"

"అవునమ్మా," అన్నాడు ఆయన.

"రెండో కొస?"

కాలువలో నీళ్ళు పారుతున్నాయి. వసంత భర్త ముఖం వంకే చూస్తోంది. ఒకే ఒక పేరు. తొమ్మిదేళ్ళలో ఆయన్ను ఆమె చీర అడగలేదు, నగ అడగలేదు. ఆ ఒక్క పేరు చెబితే తక్కినవన్నీ ఆయనకు వదిలేసేది.

పెంచలనరసింహం అన్న వైపు చూశాడు. మల్లికార్జునం కండువా ఒక భుజం మీద నుంచి ఇంకో భుజం మీదికి మార్చుకున్నాడు, అంతే.

"వసంత పట్టుకున్నింది," అన్నాడు పెంచలనరసింహం. "తనే కొయ్యమన్నింది. గరిటెకు పువ్వు కావాలని."

ఆ మాట అన్నాక ఆయనకు ఊపిరి తేలికగా ఆడింది. వచ్చిందా అంటే వచ్చింది అని చెప్పినంత సులువుగా వచ్చింది ఆ మాట.

వసంత ఏడుస్తుందని చెంచమ్మ అనుకుంది. తిడుతుందని మల్లికార్జునం అనుకున్నాడు. ఆమె పసుపు చేతులు చీర కుచ్చెళ్ళకు తుడుచుకుని, వంగి, కోసిన కొసను రెండు చేతులతో పట్టుకుంది.

"రంపం పట్టినాయన మాట కాదనకూడదు అత్తా. నేను కోసిందే అనుకోండి. కోసింది నేనైతే తీసకపోయేది గూడా నేనే."

"ఉండు. నేను ఇవతలికి రావాల," అంది దేవకమ్మ.

"తొక్కతారా?" అని అడిగింది వసంత.

దేవకమ్మ కాలు ఎత్తలేదు.

వసంత లాగింది. పాత గడప రాళ్ళ మీద గీసుకుంటూ కదిలింది. అవతలి కొస, పసుపు రాసిన తామరపువ్వుతో సహా, ఒకసారి కాలువలోకి వంగి మళ్ళీ లేచింది. అన్నదమ్ములిద్దరూ ఎవరు ముందు ఆపుతారా అని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

గడప ఇవతలి గట్టుకు వచ్చింది. అవతలి గట్టున దేవకమ్మ మిగిలింది.